కిక్కిరిసిన పేజీ, ఖాళీ పేజీ: ఈ పేచీ ఎప్పటిది?

గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ఒక్క గడి చూడండి. అగ్గిపెట్టెంత చోటులో తేదీ, తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, మూలన ఓ పండగ పేరు. అలవాటైన వాళ్లు వర్జ్యం ఎప్పుడో టక్కున చెప్పేస్తారు. కొత్తవాళ్లకు మాత్రం కళ్లు తిరుగుతాయి. వెబ్ పేజీ కిక్కిరిసి ఉండాలా, ఖాళీగా ఉండాలా అన్న పేచీ కూడా ఇలాంటిదే.

1994లో స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో మొదలుపెట్టిన యాహూ నిజానికి సైట్ల జాబితా. తర్వాత వార్తలు, మెయిలు, షేర్ల ధరలు అన్నీ మొదటి పేజీలోకే వచ్చి చేరాయి. 1998 నాటి గూగుల్‌లో ఒక పెట్టె, రెండు బటన్లు, అంతే. దీన్నిప్పుడు గొప్ప డిజైన్ అంటారు గానీ, గూగుల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్‌కు వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ పెద్దగా రాకపోవడం వల్లే అలా కుదిరిందని అక్కడ పనిచేసిన మరిస్సా మేయర్ చెప్పారు. పేజీని వాడి చూడమని పిలిపించినవాళ్లు మిగతా పేజీ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నారట! ‘ఇక అయిపోయింది’ అని తెలియడానికే అడుగున కాపీరైట్ లైను పెట్టారట.

అసలు మలుపు 2007లో ఐఫోన్‌తో వచ్చింది. మౌస్ బాణం ఎంత చిన్న లింకునైనా పట్టుకుంటుంది, బొటనవేలు పట్టుకోలేదు. అందుకే బటన్ కనీసం 44 పాయింట్లు ఉండాలని యాపిల్, 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ చెబుతాయి (పాయింటు, డీపీ రెండూ తెర మీద సైజు కొలిచే యూనిట్లు). వేలి కోసం వదిలిన ఆ ఖాళీయే పెద్ద కంప్యూటర్ తెరకూ పాకింది. రోజంతా మెయిళ్లతో కుస్తీపట్టేవాళ్లకు అది చికాకే. 2011లో జీమెయిల్ వరుసల మధ్య ఎడాన్ని మూడు రకాలుగా ఇచ్చి, మీకు నచ్చింది మీరే ఎంచుకోండి అంది. నా దృష్టిలో తెలివైన పని.

2023 జనవరిలో ఇంగ్లిష్ వికీపీడియా కొత్త రూపంలోకి మారింది. లైను మరీ పొడవైతే కన్ను తర్వాతి లైను మొదలు వెతుక్కోవాల్సి వస్తుందని వెడల్పు తగ్గించారు. ఇంత తెర ఖాళీగా వదిలేస్తారా అని చాలామంది విసుక్కున్నారు. పూర్తి వెడల్పు కావాలంటే ఒక బటన్ ఉంది.

నా మెయిల్ మాత్రం ఇరుకుగానే పెట్టుకుంటాను. తెలుగు చదివేటప్పుడు అది కుదరదు. ఇంగ్లిష్‌కు సరిపడే ఎడంలో ‘రాష్ట్రం’ అని రాస్తే, ట వత్తు వెళ్లి కింది లైనులోని గుడికి తగులుతుంది.