సంక్రాంతి సెలవుల్లో నిద్ర: ఏటా నేను వినే అపోహలు

జనవరి మూడో వారం వచ్చిందంటే మా క్లినిక్‌లో దాదాపు ఒకే మాటలు వినిపిస్తాయి. "ఊరెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నిద్ర పట్టట్లేదు డాక్టరుగారూ", "పిల్లాడు పన్నెండైనా పడుకోవట్లేదు", "మా ఆయనకు గురక మళ్ళీ మొదలైంది". నిద్ర సమస్యలు చూడటం నా పని. పండగ మానుకోమని ఎవరికీ చెప్పను. భోగి మంట కోసం చీకటితో లేవడం, అర్ధరాత్రి దాకా వదినా మరదళ్ళ కబుర్లు ఏడాదికోసారి దొరికేవి, వదులుకోకండి. వదులుకోవాల్సింది కొన్ని నమ్మకాలను.

అపోహ: సెలవులే కదా, రోజూ పదింటిదాకా పడుకుంటే పోయిన నిద్రంతా వచ్చేస్తుంది.

వాస్తవం: కొంత వస్తుంది, దానికో ధర ఉంది. నిద్రను రెండు నడిపిస్తాయి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్రమత్తు పెరుగుతుంది. రెండోది ఒంట్లోని గడియారం. అది కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఆ గడియారాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుతురు. పదింటిదాకా తలుపులేసుకుని పడుకుంటే ఆ వెలుతురు అందదు, రాత్రికి అడినోసిన్ పేరుకోవడానికి సమయమూ చాలదు. పదకొండుకు పక్క మీద వాలినా కళ్ళు మూతపడవు. మర్నాడు ఇంకా ఆలస్యంగా లేస్తారు. ఊళ్ళోనే ఉండి వేరే దేశం నుంచి వచ్చినట్టు తయారవుతాం. దీనికి సోషల్ జెట్‌ల్యాగ్ అని పేరుంది.

పండగలో పడుకునే వేళ మన చేతిలో ఉండదు. లేచే వేళ చాలావరకు ఉంటుంది, దాన్ని పట్టుకోండి. మామూలుగా ఆరింటికి లేచేవాళ్ళు ఏడున్నర దాటనివ్వకండి. లేవగానే ముగ్గుల దగ్గరికో, డాబా మీదికో వెళ్ళి అరగంట వెలుతురులో ఉండండి. నిద్ర చాలకపోతే మధ్యాహ్నం మూడులోపు ఒక అరగంట కునుకు తీయండి. భోజనమయ్యాక కళ్ళు బరువెక్కడానికి గారెలు, పులిహోర మాత్రమే కారణం కాదు, ఆ వేళకు శరీరం సహజంగానే కాస్త మందగిస్తుంది.

అపోహ: రాత్రి బయల్దేరితే రోడ్డు ఖాళీ. నిద్రొస్తే అద్దం దించి పాటలు పెడితే సరి.

వాస్తవం: వీటన్నిట్లోకీ నాకు ఎక్కువ భయం వేసేది ఇదే. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల దారి. ఆఫీసు ముగించుకుని, సామాన్లు సర్దుకుని రాత్రి పదకొండుకు కారు తీస్తారు. పొద్దున ఆరింటికి లేచిన మనిషికి అప్పటికే 17 గంటల మెలకువ. ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో సరిగ్గా దీన్నే కొలిచారు. 17 గంటలు నిద్ర లేని మనిషి చేతికీ కంటికీ పొత్తు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోయింది. మన చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. అంటే చుక్క ముట్టకుండానే ఆ గీత దాటి స్టీరింగ్ పట్టుకుంటున్నారు.

చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజాలో పండగ రద్దీకి ఎంత సేపు పోతుందో ఆ దారిన వెళ్ళేవాళ్ళకు తెలుసు. సూర్యాపేట దాటేసరికి రెండో మూడో అవుతుంది. రెండు నుంచి ఐదు మధ్య ఒంట్లోని గడియారం నిద్రలోకి గట్టిగా లాగుతుంది. అప్పుడు పట్టేది పెద్ద నిద్ర కాదు, మూడు నాలుగు సెకన్ల కునుకు. కళ్ళు తెరిచే ఉండొచ్చు, తనకే తెలియకపోవచ్చు. 90 కిలోమీటర్ల వేగంలో కారు నాలుగు సెకన్లకు వంద మీటర్లు పోతుంది. చల్లగాలి, పాటలు కాసేపు మభ్యపెడతాయి, అంతే.

వీలైతే రాత్రి ఇంట్లోనే పడుకుని తెల్లారి ఐదు తర్వాత కదలండి. దారిలో ఆవలింతలు ఆగకపోతే, వెలుతురున్న పెట్రోల్ బంకులో ఆపి, ఒక టీయో కాఫీయో తాగి వెంటనే 20 నిమిషాలు పడుకోండి. కెఫిన్ పనిచేయడానికి దాదాపు అంత సేపు పడుతుంది కాబట్టి రెండూ కలిసొస్తాయి. లేచి ఐదు నిమిషాలు నడిచాకే కదలండి. దీంతో ఒక గంట గడుస్తుంది కానీ రాత్రంతా గడవదు. అద్దె కారైతే ఎక్కేముందు "నిన్న రాత్రి పడుకున్నావా తమ్ముడూ?" అని అడగండి. పండగ రోజుల్లో ట్రిప్పు మీద ట్రిప్పు కొట్టేవాళ్ళు చాలామంది. పడుకోలేదని చెబితే బయల్దేరడం వాయిదా వేయండి.

అపోహ: రెండు పెగ్గులేస్తే హాయిగా నిద్ర పడుతుంది.

వాస్తవం: త్వరగా పడుతుంది, నిలవదు. మత్తు దిగుతున్నకొద్దీ రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది. గొంతు కండరాలు వదులై గురక పెరుగుతుంది.

అపోహ: నాలుగు రోజులే కదా, గురక మిషన్ ఇంట్లో వదిలేసి వెళ్ళొచ్చు.

వాస్తవం: మీరు గురక మిషన్ అనేది సీపాప్, మాస్కు ద్వారా గాలి పంపే మిషన్. నిద్రలో ఊపిరి ఆగే జబ్బును అది వాడినంతసేపే అదుపులో ఉంచుతుంది. ఆపిన ఒకటి రెండు రాత్రుల్లోనే ఊపిరి ఆగడం తిరిగొస్తుంది. పైగా ఊళ్ళో పగలంతా తిండి, సాయంత్రం మందు. అల్లుడుగారు అందరి ముందూ మాస్కు పెట్టుకోవడానికి మొహమాటపడతారు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా బట్టల కంటే ముందు దాన్నే సర్దమంటాను. తిరుగు ప్రయాణంలో కారు నడిపేది ఆయనే.

అపోహ: ఇంటినిండా చుట్టాలు, గోల. అమ్మమ్మకు అర నిద్రమాత్ర వేస్తే తప్పేముంది?

వాస్తవం: పెద్దవాళ్ళకు ఆల్ప్రజోలం లాంటి మాత్రలు మైకం తెస్తాయి, తూలిస్తాయి. రాత్రి బాత్రూంకి లేచి పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఇంకొకరికి రాసిన మాత్ర అసలే వద్దు. ఆవిడకు లోపలి గది ఇచ్చి, పేకాట వరండాలోకి మార్చండి. అలాగే బస్సులో గోల చేయకుండా పిల్లలకు దగ్గు సిరప్ పట్టడం కూడా ప్రమాదం.

అపోహ: స్కూలు తెరిచే ముందు రాత్రి తొమ్మిదింటికే పడుకోబెడితే పిల్లలు దారికొస్తారు.

వాస్తవం: రారు, మంచం మీద దొర్లుతారు. ఒంట్లోని గడియారం ఒక్క రాత్రిలో రెండు గంటలు వెనక్కి రాదు. కనుమ మర్నాటి నుంచే రోజుకో అరగంట ముందు లేపండి, లేపి ఎండలోకి పంపండి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. గాలిపటాలు ఇంకా మిగిలుంటే ఆ పొద్దుటి వేళకు ఎగరేయనివ్వండి.