లైసెన్సు సరే, దొడ్డి ఎక్కడ?

పట్టణాల్లో పశువులను పెంచాలంటే లైసెన్సు పొందాలని, ప్రతి పశువుకూ ట్యాగు వేయించాలని నిర్దేశించే బిల్లును గుజరాత్ శాసనసభ 2022 మార్చి నెలాఖరున చేపట్టి ఆమోదించింది. 8 నగరపాలక సంస్థలకూ, 150కి పైగా పురపాలక సంఘాలకూ వర్తించే ఆ బిల్లులో, ట్యాగు వేయించని యజమానికి ఏడాది దాకా జైలుశిక్ష ఉంది. పశుపోషణే జీవనాధారమైన మాల్‌ధారీలు ఆందోళనకు దిగారు. గవర్నరు బిల్లును తిప్పి పంపగా, సెప్టెంబరు 21న ప్రభుత్వం దానిని ఉపసంహరించుకుంది. మాల్‌ధారీలు పాల అమ్మకం ఆపేసిన రోజూ అదే.

పశువుల కట్టడికి బ్రిటిష్ పాలకులు 1871లో తెచ్చిన చట్టం పంటను కాపాడడానికి పుట్టింది, పట్నాన్ని కాదు. చేలో పడి మేసిన పశువును రైతు పట్టుకొని 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలాలి; యజమాని జరిమానాతోపాటు మేత ఖర్చూ కట్టి విడిపించుకోవాలి; వారంలోగా ఎవరూ రాకపోతే ప్రకటన వేసి, మరో వారం చూసి వేలం వేస్తారు. మన కోస్తా, రాయలసీమ పల్లెల్లోని బందెలదొడ్లకూ ఈ చట్టమే ఆధారం. బొంబాయి, మద్రాసు, కలకత్తా నగరాలను మాత్రం దీని నుంచి మినహాయించారు. రాజ్యాంగం కూడా బందెలదొడ్లను రాష్ట్రాల జాబితాలోనే, 16వ అంశంగా ఉంచింది.

నగరాల చిక్కు వేరు. పాలను చల్లబరిచి దూరం తరలించే ఏర్పాట్లు లేని రోజుల్లో, అవి విరిగిపోకుండా ఇంటికి చేరాలంటే గేదెలు ఊళ్లోనే ఉండక తప్పదు. బొంబాయి నడిబొడ్డున పశువుల కొట్టాలు వెలిసింది అందుకే. వాటిని ఖాళీ చేయించదలచినప్పుడు అక్కడి ప్రభుత్వం ముందు చోటు చూపింది. 1949లో శివార్లలో ఆరే పాల కాలనీని నెలకొల్పి, కొట్టాలు కట్టి, గేదెలను అక్కడికి తరలించింది. వరుస అంటే అదీ.

గుజరాత్‌లో ఆ వరుస తలకిందులైంది. నగరాలు విస్తరిస్తూ చుట్టుపక్కల పల్లెలను కలిపేసుకున్నాయి. పశువులు అక్కడే మిగిలాయి, మేత బీళ్లు మిగల్లేదన్నది మాల్‌ధారీల ప్రధాన ఫిర్యాదు. దాన్ని తీర్చకుండా శిక్షతో మొదలుపెట్టడమే ఆ బిల్లు లోపమని చెప్పక తప్పదు. అయితే రోడ్లపై పశువుల వల్ల జరిగే ప్రమాదాలూ కల్పితాలు కావు. హైకోర్టు ఒత్తిడి నడుమ అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 2023లో అనుమతులు, ట్యాగులతో సొంత విధానం తెచ్చింది. కట్టేసుకునే స్థలం లేనివారు పశువులను నగరం వెలుపలికి తరలించాలన్నది అందులోని షరతు.