బోస్టన్ చలిలో పరుగు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

గత శనివారం ఉదయం 7 గంటలకు బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో మా జట్టు కలుసుకునే చోట ఒక కొత్త అబ్బాయి కారు దిగాడు. లోపల రెండు బనియన్లు, వాటి మీద నూలు స్వెట్‌షర్టు, ఆపైన బొంతలాంటి జాకెట్టు. బయట సున్నాకు 6 డిగ్రీలు తక్కువ. "సరిపోతాయా అక్కా? ఇంకొకటి కారులో ఉంది" అని అడిగాడు. సగం తీసేసి రమ్మన్నాను. నేను తనను చలికి బలి ఇస్తున్నానన్నట్టు చూశాడు.

ఈ సంభాషణ నాకు ఏటా డిసెంబరులో మొదలై మార్చి దాకా సాగుతుంది. బోస్టన్ మారథాన్‌లో ఒక సేవాసంస్థ తరఫున పరుగెత్తే జట్టుకు 11 చలికాలాలుగా శిక్షణ ఇస్తున్నాను. 1989లో అమెరికన్ లివర్ ఫౌండేషన్‌తో మొదలైన పద్ధతి ఇది. అర్హత సమయం, అంటే అంతకుముందు ఏదైనా మారథాన్‌ను నిర్ణీత సమయంలోపు పూర్తి చేసిన రికార్డు, సాధించలేని వాళ్లు కూడా ఒక సంస్థకు విరాళాలు సేకరించి ఆ 42.195 కిలోమీటర్లు పరుగెత్తవచ్చు. మారథాన్ ఏప్రిల్ మూడో సోమవారం జరుగుతుంది కాబట్టి శిక్షణంతా మంచు కురిసే నెలల్లోనే పడుతుంది. వచ్చేవాళ్లలో చాలామందికి ఇది మొదటి మారథాన్, మనవాళ్లలో కొందరికి మొదటి చలికాలం కూడా. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ భయానికి మందుగా ఫోన్లలో తిరిగే సలహాలంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

అన్నింటిలోకీ ఖరీదైన అపోహ: ఎన్ని బట్టలు వేసుకుంటే అంత క్షేమం.

ఎండాకాలంలో మన ఇళ్లలో కుండకు తడిగుడ్డ చుట్టేవాళ్లు. గుడ్డలోని తడి ఆరుతూ కుండలోని వేడిని లాగేసుకునేది, నీళ్లు చల్లబడేవి. నూలు బట్టతో చలిలో పరుగెత్తేటప్పుడు మీ ఒళ్లే ఆ కుండ. పరుగులో కండరాలు విపరీతంగా వేడి పుట్టిస్తాయి. బట్టలు ఎక్కువైతే 15 నిమిషాల్లో చెమట పడుతుంది. నూలు ఆ చెమటను పీల్చుకుని వదలదు, గాలి దూరని జాకెట్టు బయటికి పోనివ్వదు. ఇడ్లీ పాత్ర మూత లోపలి వైపు చూడండి, జాకెట్టు లోపల కూడా అదే జరుగుతుంది. పరుగు సాగినంతసేపు ఏమీ తెలియదు. వేగం తగ్గినా, గాలి ఎదురు తిరిగినా, ఐదు నిమిషాలు ఆగినా, పుట్టే వేడి తగ్గిపోతుంది, తడి మాత్రం అలాగే ఉంటుంది. నిశ్చలమైన గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది.

ఆరేళ్ల క్రితం ఫిబ్రవరిలో ఇది కళ్లారా చూశాను. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ఆవిడ, యాభై దాటిన మనిషి, భర్త జ్ఞాపకార్థం క్యాన్సర్ పరిశోధన కోసం పరుగెత్తుతున్నారు. ఆ రోజు 26 కిలోమీటర్లు. కామన్‌వెల్త్ అవెన్యూ మలుపులోని అగ్నిమాపక కేంద్రం దగ్గర మేము నీళ్లు పెట్టుకుని నిలబడ్డాం. ఆవిడ వచ్చి జాకెట్టు జిప్పు పట్టుకున్నారు. వేళ్లు పట్టు తప్పుతున్నాయి. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ జారింది. నేను సాయం చేయబోతే లోపలి స్వెట్‌షర్టు చేతి అంచు గంజి పెట్టిన గుడ్డలా బిర్రుగా తగిలింది. చెమట గడ్డకట్టింది. "నాకేమీ కాలేదమ్మా" అన్నారు, కానీ మాట ముద్దగా వచ్చింది.

వేళ్లు మొరాయించడం, మాట తడబడటం, అడుగు తూలడం, ఊరికే విసుక్కోవడం హైపోథెర్మియా (ఒంటి లోపలి వేడి ప్రమాదకరంగా పడిపోవడం) తొలి గుర్తులు. వణుకుతున్న మనిషి వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది కోలుకోవడం కాదు, వెంటనే అత్యవసర సేవలకు ఫోన్ చేయాల్సిన స్థితి. ఆవిడను కారులో కూర్చోబెట్టి తడి బట్టలన్నీ తీసేసి, ఒళ్లు తుడిచి, పొడి దుప్పట్లు చుట్టి, ఫ్లాస్కులోని తీపి టీ కొంచెం కొంచెంగా తాగించాం. మాట మామూలు కావడానికి అరగంట పట్టింది. పొద్దున బయల్దేరేటప్పుడు ఆ నూలు స్వెట్‌షర్టు నా కంట పడింది. పెద్దావిడ కదా, ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. ఆ తప్పు నాది. ఆ తర్వాత ఎవరి బట్టల విషయంలోనూ నేను మొహమాటపడలేదు.

మరి ఏమి వేసుకోవాలి? బయట ఉన్నదానికంటే 6 నుంచి 10 డిగ్రీలు వెచ్చగా ఉందనుకుని ఆ లెక్కన వేసుకోండి. ఒంటికి అంటుకునే సింథటిక్ లేదా మెరీనో ఉన్ని చొక్కా, దాని మీద పల్చటి పొర, గాలి ఉంటే పైన తేలికపాటి జాకెట్టు, టోపీ, చేతులకు మిటెన్లు (నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే తొడుగులు). మొదటి పది నిమిషాలు చలి వేయాలి. వేయకపోతే ఎక్కువ వేసుకున్నట్టే. వెళ్లేటప్పుడు ఎదురుగాలిలో వెళ్లి, వచ్చేటప్పుడు గాలి వీపున తగిలేలా దారి చూసుకోండి. తడిసిన ఒంటితో ఎదురుగాలిలో తిరిగి రావడం ప్రమాదం.

"ఇవాళ సున్నా కంటే ఎక్కువే ఉంది, భయం లేదు" అనేది ఇదే అపోహకు కవల. 2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ రోజు ఉష్ణోగ్రత సున్నా కంటే పైనే ఉంది. కానీ జోరువాన, ఎదురుగాలి. మహామహా పరుగువీరులు మధ్యలోనే ఆగిపోయారు, వైద్య శిబిరాలు కిక్కిరిశాయి. పురుషుల్లో యుకి కవౌచి, మహిళల్లో డెజ్ లిండెన్ గెలిచిన ఏడాది అది. పొడిగా ఉన్న మైనస్ 8లో జట్టును నిశ్చింతగా పంపుతాను. 3 డిగ్రీల వానలో పంపాలంటే రెండుసార్లు ఆలోచిస్తాను.

ఆవిడ విషయంలో ఇంకో సంగతి ఉంది. కారులో కాస్త తేరుకున్నాక, "అందరూ డబ్బిచ్చారమ్మా, మధ్యలో ఎలా ఆగను?" అన్నారు. సేవాసంస్థల జట్లలో ఇది చలికంటే మొండి సమస్య. బంధువులు, సహోద్యోగులు ఇచ్చిన విరాళం మెడ మీద అప్పులా కూర్చుంటుంది. వణుకు దాచుకుంటారు, మొద్దుబారిన వేళ్ల గురించి చెప్పరు. వినండి: మీరు ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యలో ఆగినంత మాత్రాన మీరు సేకరించిన డాలర్లలో ఒక్కటి కూడా వెనక్కి పోదు. ఒక్క దూరపు పరుగు తప్పితే శిక్షణ చెడిపోదు. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తడం నామోషీ కాదు. ఆవిడ ఆ రోజు 17 కిలోమీటర్ల దగ్గరే ఆగారు, ఏప్రిల్‌లో బాయిల్‌స్టన్ వీధిలో ముగింపు గీత దాటారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చల్లగాలికి ఊపిరితిత్తులు గడ్డకడతాయనేది ఒట్టి మాట. ముక్కు, గొంతు, శ్వాసనాళం దాటి లోతుకు చేరేసరికి గాలి వెచ్చబడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం పొడి చల్లగాలి నాళాలను బిగించగలదు. ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో ముందే డాక్టరును అడగండి, నోటికి పల్చటి గుడ్డ కట్టుకోండి. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, పరుగు వల్ల కాదు. ఊళ్లో అమ్మకు ఈ మాట చెప్పి ఒప్పించడం కష్టమే, కానీ నిజం అదే. జ్వరం ఉంటే మాత్రం పరుగు వద్దు. చలిలో దాహం వేయదు కాబట్టి నీళ్లు అక్కర్లేదనుకోకండి, ఊపిరిలోనూ చెమటలోనూ నీరు పోతూనే ఉంటుంది. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందనేది కూడా తప్పు. టోపీ చెవుల కోసం. బ్రాందీ వెచ్చబెట్టదు, చర్మానికి రక్తం పంపి లోపలి వేడిని బయటికి పోగొడుతుంది.

గాలి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మైనస్ 18లో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే అది ఒంటికి మైనస్ 28లా తగులుతుంది, తెరిచి ఉన్న చర్మం 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. అలాంటి రోజు మా జట్టుకు సెలవు. చెవి, ముక్కు, వేళ్లు పాలిపోయి మొద్దుబారితే రుద్దకండి. లోపలికి వెళ్లి గోరువెచ్చని నీటిలో ఉంచండి, స్పర్శ తిరిగి రాకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

గత శనివారపు అబ్బాయి చివరికి జాకెట్టు, స్వెట్‌షర్టు కారులో పడేసి, నేనిచ్చిన పల్చటి చొక్కాతో బయల్దేరాడు. మొదటి కిలోమీటరులో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అగ్నిమాపక కేంద్రం దగ్గరకు వచ్చేసరికి టోపీ తీసి నడుముకు దోపుకుని ఉన్నాడు, ముఖం ఎర్రగా, వేళ్లు వెచ్చగా. నీళ్లు తాగి కొండ దారి పట్టాడు.

వచ్చే శనివారం కూడా 7 గంటలకే. కారులో ఒక పొడి చొక్కా, పొడి సాక్సులు, తువ్వాలు, ఫ్లాస్కు ఉంచుకోండి. పరుగు ఆగిన ఐదు నిమిషాల్లో బట్టలు మార్చుకోవాలి, కబుర్లు ఆ తర్వాతే. ఈసారి బయల్దేరే ముందు అందరి సంచులూ తీసి చూస్తాను.