తోబా–ఫుషిమి యుద్ధం: అపోహలు – వాస్తవాలు

జపాన్‌లో షోగున్ (చక్రవర్తి పేరిట దేశాన్ని పాలించిన సైనికాధిపతి) పక్షానికీ, చక్రవర్తి పక్షాన నిలిచిన సంస్థానాలకూ మధ్య సాగిన బోషిన్ అంతర్యుద్ధపు గతిని నిర్ణయించిన పోరు 1868 జనవరి 27 నుంచి 30 వరకు క్యోటోకు దక్షిణాన జరిగింది. చరిత్ర బోధించేటప్పుడు దీని గురించి నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: కత్తులు పట్టిన సామురాయ్‌లను తుపాకుల సైన్యం ఓడించింది.

వాస్తవం: ఫుషిమిలో షోగున్ పక్షపు యోధులు కత్తులు దూసి తలపడిన మాట నిజమే. అయితే ఆ పక్షానికి ఫ్రెంచి శిక్షణ పొందిన పదాతి దళాలూ, ఫిరంగులూ ఉన్నాయి. ఎదుటనున్న సత్సుమా సంస్థానపు సైనికులలోనూ అత్యధికులు సామురాయ్‌లే.

అపోహ: సంఖ్యాబలం ఉన్నవారే గెలిచారు.

వాస్తవం: షోగున్ పక్షాన సుమారు 15,000 మంది ఉండగా, సత్సుమా, చోషూ, తోసా సంస్థానాల సేనలు సుమారు 5,000 మాత్రమే. ఈ యుద్ధంలో అన్నిటికన్నా లోతుగా అధ్యయనం చేయవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం. చక్రవర్తి ఆస్థానానికి చెందిన ఇవాకురా తోమోమి, సత్సుమా నాయకుడు ఓకుబో తోషిమిచి ముందే రహస్యంగా సిద్ధం చేయించిన చక్రవర్తి జరీ పతాకం రెండవ రోజున రణరంగంలో ఎగరడంతో, అంతవరకు రెండు వర్గాల మధ్య పోరుగా కనిపించినది ఒక్కసారిగా చక్రవర్తిపై తిరుగుబాటుగా మారిపోయింది. మూడవ రోజున, వెనుదిరిగి వస్తున్న షోగున్ సేనలకు యోదో కోట తలుపులు తెరుచుకోలేదు. ఆ కోట ప్రభువు ఇనాబా మసాకుని షోగున్ ప్రభుత్వంలోనే సీనియర్ మంత్రి అన్నది గమనార్హం. మరునాడు, అప్పటిదాకా మిత్రపక్షంగా ఉన్న త్సు సంస్థానం నది ఆవలి ఒడ్డునుంచి వారిపైనే ఫిరంగులు పేల్చింది. ఊగిసలాడుతున్న సంస్థానాధీశులు ఎవరి పక్షం వహించాలో తేల్చుకోవడమే ఫలితాన్ని నిర్ణయించింది.

అపోహ: తోకుగావా యోషినోబు చివరిదాకా పోరాడి ఓడాడు.

వాస్తవం: 1867 నవంబరులోనే అధికారాన్ని చక్రవర్తికి అప్పగించిన ఈ చివరి షోగున్ ఆ నాలుగు రోజులూ ఒసాకా కోటను వదలలేదు. 30వ తేదీ రాత్రి, కొద్దిమంది సహచరులతో కోట వీడి, కైయో మారు యుద్ధనౌకలో షోగున్ల రాజధాని ఎదోకు (నేటి టోక్యో) వెళ్లిపోయాడు. పటిష్ఠమైన కోట, వేలాది సైనికులు ఇంకా చేతిలో ఉండగానే నాయకుడు తప్పుకోవడం ఆ సేనల మనోధైర్యాన్ని ఎంతగా దెబ్బతీసిందో ఊహించవచ్చు.

అపోహ: యుద్ధం అక్కడితో ముగిసింది.

వాస్తవం: సత్సుమా సేనాని సైగో తకమోరి, షోగున్ పక్షపు ప్రతినిధి కత్సు కైషూల చర్చల వల్ల ఎదో కోట రక్తపాతం లేకుండానే చేతులు మారింది. షోగున్ పక్షపు ఐజు సంస్థానం మాత్రం 1868 నవంబరు వరకు పోరాడింది; ఉత్తరాన హకొదాతేలో, షోగున్ పక్షపు చివరి సేనలున్న గోర్యోకాకు దుర్గం 1869 జూన్‌లో లొంగిపోయింది.