సైకిలు దారి మ్యాప్‌లో ఎక్కడ తెగుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి బజారుకు సైకిలు తొక్కేవాళ్లు రాష్ట్రం ఎక్కడ మారిందో చూసుకోరు. 2004లో బ్రిటన్‌లో మొదలై, వాలంటీర్ల చేతుల మీదుగా పెరుగుతున్న ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ రెండు వైపుల దారులూ ఒకే డేటాలో ఉంటాయి. అక్కడ సైకిలు దారి తెగిందంటే తప్పు సరిహద్దుది కాదు, కలవని గీతలది.

తెర మీద సందు రోడ్డుకు ఆనుకున్నట్టే ఉంటుంది. రెండు గీతలకూ ఉమ్మడి బిందువు, అంటే నోడ్, లేకపోతే మాత్రం దారి వెతికే యాప్‌కు అక్కడ దారి లేనట్టే. అరమీటరు ఖాళీకి ఊరంతా తిప్పుతుంది. బాగా జూమ్ చేసి, సందు చివరి బిందువును రోడ్డు గీత మీదికి లాగి వదిలితే అతుక్కుంటుంది. అలాగని కనబడ్డ ప్రతిచోటా అతికించకూడదు. మహేంద్రతనయ నది మీది వంతెనకూ కింది గట్టుబాటకూ నోడ్ కలిపారా, యాప్ సైకిలును వంతెన మీంచి ఏట్లోకే దింపుతుంది! వంతెన ముక్కను విడగొట్టి, వంతెన ట్యాగూ (ట్యాగు అంటే ఆ గీత ఏమిటో చెప్పే గుర్తు), అది పైన ఉందని చెప్పే లేయర్ 1 ట్యాగూ ఇవ్వాలి.

తొక్కిన దారిని ఫోను బిందువులుగా దాచే జీపీఎస్ జాడ సెకనుకొకసారి నమోదయ్యేలా పెట్టండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో సైకిలు సెకనుకు 4 మీటర్లు దాటుతుంది. ఐదు సెకన్లకొకసారైతే బిందువుల మధ్య 20 మీటర్లు, సందు మలుపు ఎవరి పెరట్లోంచో పోతుంది. బ్యాటరీ సేవర్ యాప్‌ను నిద్రపుచ్చితే ఇళ్ల మీదుగా తిన్నటి గీత వస్తుంది. ఆరుబయట కూడా ఫోను ఐదు మీటర్ల దాకా తప్పవచ్చు; ఇరుకు వీధిలో గోడలకు తగిలి వచ్చే సిగ్నల్‌తో ఇంకా ఎక్కువ. అందుకే నాలుగైదు జాడలు పేర్చి, ఉపగ్రహ చిత్రాన్ని వాటికి తగ్గట్టు జరిపి, అప్పుడు గీయాలి. గూగుల్ మ్యాప్ చూసి దించడం కుదరదు, లైసెన్సు ఒప్పుకోదు.

ట్యాగుల్లో ఎక్కువగా తప్పేది ‘డిస్‌మౌంట్’. దిగి నడవాలన్న నిబంధన ఉన్నచోటికే అది. గతుకులకు స్మూత్‌నెస్, ఏటవాలుకు ఇంక్లైన్ అని వేరే ట్యాగులు ఉన్నాయి.

పొద్దున్నే వ్యాయామానికి తొక్కేవాళ్ల జాడలు పెద్ద రోడ్ల మీదే దట్టంగా ఉంటాయి. క్యాన్లు కట్టుకుని పాలు పోసేవాళ్లు జాడలు ఎక్కించరు, సందులన్నీ తెలిసింది మాత్రం వాళ్లకే. ‘ఎక్కడ దిగి నడిపిస్తారు బాబూ?’ అని అడిగితే వానాకాలంలో మునిగే కల్వర్టు దగ్గర్నుంచి చెబుతారు.

పేర్లకు తెలుగు గడి వేరు, ఒడియా గడి వేరు; రెండూ ఒకే గడిలో కుక్కితే వెతుకులాటలో సరిగా దొరకకపోవచ్చు. సేవ్ చేశాక మార్పు వెబ్ మ్యాప్‌లో సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే కనిపిస్తుంది. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ వాడేవాళ్లకు మాత్రం కొత్త ఫైలు దించుకునేదాకా పాత దారే.