రోమ్ పోలిక, లండన్ పాఠం

వాషింగ్టన్‌లో ఇప్పుడు క్యాపిటల్ భవనం ఉన్న కొండ దగ్గర 1663లో ఫ్రాన్సిస్ పోప్ అనే ఆయన కొంత భూమి తీసుకుని దానికి రోమ్ అని పేరు పెట్టుకున్నాడు. పక్కనే పారే వాగుకు రోమ్ నది పేరే పెట్టి టైబర్ అన్నాడు. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు. దేశం పుట్టాక ఈ మోజు ఇంకా పెరిగింది. ఎగువ సభకు సెనేట్ అన్న రోమన్ పేరే ఖాయం చేశారు. చట్టసభ భవనాన్ని కాంగ్రెస్ హౌస్ అంటే చాలదని, రోమ్‌లోని కాపిటోలిన్ కొండ గుర్తొచ్చేలా క్యాపిటల్ అనాలని దేశ స్థాపకుల్లో ఒకడైన జెఫర్సన్ పట్టుబట్టాడు. యుద్ధం గెలిచి సేనాధిపతి పదవి వదిలేసి ఊరికి వెళ్లిపోయిన జార్జ్ వాషింగ్టన్‌ను, గెలుపు తర్వాత మళ్లీ నాగలి పట్టిన రోమన్ సేనాని సిన్సినాటస్‌తో పోల్చి మురిసిపోయారు.

అంటే రోమ్ పోలిక శత్రువులు అంటగట్టింది కాదు. అమెరికన్లు కోరి తెచ్చుకున్నది. దాంతోపాటే పతనం భయం కూడా వచ్చింది. రోమన్ సామ్రాజ్యం ఎలా కూలిందో చెబుతూ ఎడ్వర్డ్ గిబ్బన్ రాసిన చరిత్ర మొదటి సంపుటం 1776 ఫిబ్రవరిలో లండన్‌లో వెలువడింది. అదే ఏడాది జులైలో అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆనాటి బ్రిటిష్ పార్లమెంటులో గిబ్బన్ కూడా సభ్యుడే.

ఆ తర్వాత ఎదురుదెబ్బ తగిలిన ప్రతిసారీ ‘అమెరికా పని అయిపోయింది’ అన్న మాట వినిపిస్తూనే ఉంది. 1957లో సోవియట్లు స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపినప్పుడు అన్నారు, వియత్నాంలో ఓడినప్పుడు అన్నారు. 1989లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో మెజారిటీ వాటాను జపాన్ కంపెనీ కొన్నప్పుడు ఇక రాజ్యం టోక్యోదే అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి కూలిపోయింది సోవియట్ యూనియన్. జపాన్ దశాబ్దాల స్తబ్ధతలో పడింది. 2007లో మాత్రం ఈ మాట బయటివాళ్ల నుంచి కాకుండా లోపలి నుంచే వచ్చింది. మన కాగ్ లాంటి సంస్థకు అధిపతిగా ఉన్న డేవిడ్ వాకర్ స్వయంగా రోమ్ పతనాన్ని గుర్తుచేసి, శక్తికి మించి విస్తరించిన సైన్యాన్ని, అదుపు లేని ఖర్చును ఎత్తిచూపాడు. 2021 ఆగస్టులో అమెరికా సైన్యం కాబూల్ ఖాళీ చేసి వెళ్లినప్పుడు ఈ చర్చ మళ్లీ మొదలైంది.

ఇంతకీ రోమ్‌కు ఏమైంది? దానికి సాక్ష్యం మన నేలలో కూడా ఉంది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి దీనార్లు కుప్పగా దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. మిరియాలకు, ముత్యాలకు, సన్నని బట్టలకు ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) ఇండియాకు పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయింది క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే. అగస్టస్, టైబీరియస్‌ల నాటి దీనారు దాదాపు మేలిమి వెండి. క్రీ.శ. 64 ప్రాంతంలో నీరో చక్రవర్తి అందులో వెండి తగ్గించాడు. తర్వాతివాళ్లూ అదే బాట పట్టారు. 260ల నాటికి రోమ్ ప్రధాన నాణెంలో వెండి 5 శాతం కూడా మిగల్లేదు, పైపూత మాత్రమే ఉంది. వెండి తగ్గించిన దీనార్లు మన దేశంలో దొరికిన కుప్పల్లో చాలా అరుదు. ఇక్కడి వర్తకులకు తేడా తెలుసు.

అయినా నా దృష్టిలో రోమ్ పోలిక మనల్ని ఎంతో దూరం తీసుకెళ్లదు. అది ఒక్క రోజులో పోలేదు. నాణెం చెడిన 200 ఏళ్లకు గానీ, 476లో, పశ్చిమ రోమ్ చివరి చక్రవర్తి గద్దె దిగలేదు. తూర్పు సగం 1453 దాకా బతికింది. పైగా రోమ్‌కు అప్పు పత్రాలు అమ్ముకునే బాండ్ల మార్కెట్ లేదు. ఖర్చు పెరిగితే పన్ను పెంచాలి, లేదా వెండి తగ్గించాలి. ఈనాటి రాజ్యాలు అప్పు మీద నడుస్తాయి. కాబట్టి చూడాల్సింది అప్పులిచ్చేవాళ్ల తీరు. స్పెయిన్ రాజు ఫిలిప్ 2 చేతిలో దక్షిణ అమెరికాలోని పొటోసి గనుల వెండి ఉండి కూడా 1557, 1575, 1596లలో బాకీలు ఆపేశాడు. యుద్ధాల ఖర్చు గనుల రాబడిని మింగేసింది.

అసలు పాఠం బ్రిటన్‌ది. 1945లో యుద్ధం గెలిచింది, ఖజానా ఖాళీ అయింది. బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ వాషింగ్టన్ వెళ్లి బేరమాడి 2 శాతం వడ్డీకి 375 కోట్ల డాలర్ల అప్పు తెచ్చాడు. యుద్ధకాలంలో ఇండియా నుంచి తీసుకున్న సరుకులకు, సేవలకు మనకే దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది బ్రిటన్. ఓడలు బళ్లవడమంటే ఇదే. అమెరికా పెట్టిన షరతు ప్రకారం 1947 జులై 15 నుంచి పౌండ్లను స్వేచ్ఛగా డాలర్లలోకి మార్చుకోనివ్వాలి. పౌండ్లు చేతిలో ఉన్న దేశాలు డాలర్ల కోసం ఎగబడ్డాయి. 5 వారాలకే, ఆగస్టు 20న, లండన్ చేతులెత్తేసింది. మన స్వాతంత్ర్యం వచ్చింది ఆ 5 వారాల మధ్యలోనే.

ఇంకా అగ్రరాజ్యమేనన్న భ్రమ 1956లో తొలగింది. జులైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. అక్టోబర్ చివర్లో ఇజ్రాయెల్, ఆ వెనకే బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టుపై దాడికి దిగాయి. యుద్ధరంగంలో వాళ్లదే పైచేయి. కానీ కాలువ మూతపడి చమురు ఆగింది. పౌండ్‌ను కాపాడటానికి డాలర్లు కరిగిపోతున్నాయి. ఐఎంఎఫ్ నుంచి సాయం కావాలంటే ముందు యుద్ధం ఆపి వెనక్కి రావాలని అమెరికాలోని ఐసెన్‌హోవర్ ప్రభుత్వం తేల్చి చెప్పింది. నవంబర్ 6న కాల్పులు ఆగాయి. సేనలు వెనుదిరుగుతామన్నాకే డిసెంబర్‌లో డబ్బు వచ్చింది. అదే నెలలో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. జనవరిలో ప్రధాని ఈడెన్ రాజీనామా చేశాడు. ఒక్క గుండు పేల్చకుండా, సొంత మిత్రుడే అప్పు ఆపి దించిన దెబ్బ ఇది.

1949లో ఒకసారి తగ్గించిన పౌండ్ విలువను 1967లో మళ్లీ తగ్గించారు. మరుసటి జనవరిలో సూయజ్‌కు తూర్పున ఉన్న సైన్యాన్ని వెనక్కి పిలుస్తామని ప్రకటించారు. కీన్స్ తెచ్చిన అప్పులో చివరి వాయిదా కట్టింది 2006 డిసెంబర్‌లో. ఆ పతనం దెబ్బ మనకూ తగిలింది. 1949లో పౌండ్ విలువ తగ్గించినప్పుడు దానికి ముడిపడిన రూపాయినీ అంతే తగ్గించాల్సి వచ్చింది. ఇవాళ డాలర్ కదిలితే వీసా కోసం, పిల్లల ఫీజు కోసం లెక్కలేసుకునే తెలుగు ఇళ్లలో టెన్షన్ ఎందుకో ఆ ఏడాదిని చూస్తే అర్థమవుతుంది.

అమెరికా సంగతి ఎక్కడ వేరు? బ్రిటన్ పరాయి కరెన్సీలోనూ అప్పు చేసింది. అమెరికా తన అప్పంతా తన డాలర్‌లోనే చేస్తుంది. 1971 ఆగస్టు 15న నిక్సన్ డాలర్‌కు బంగారం ఇవ్వడం ఆపేసినా ప్రపంచం డాలర్‌ను వదల్లేదు. కానీ 2024 చివరికి ఆ అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఆ ఆర్థిక సంవత్సరంలో వడ్డీ ఖర్చు రక్షణ ఖర్చును మించిపోయింది. 2022లో అమెరికా, మిత్రదేశాలు రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో దాదాపు 30,000 కోట్ల డాలర్లను స్తంభింపజేయడంతో మిగతా దేశాలు ఉలిక్కిపడ్డాయి. ఆ తర్వాతి ఏళ్లలో కేంద్ర బ్యాంకులు పోటీపడి బంగారం కొన్నాయి. మన రిజర్వ్ బ్యాంకు లండన్‌లో దాచిన బంగారంలో 100 టన్నులను ఇంటికి తెచ్చుకుంది.

ప్రపంచ దేశాల విదేశీ మారక నిల్వల్లో డాలర్ వాటా 1999లో 71 శాతం ఉండేది, 2024 నాటికి 58 శాతం దగ్గరకు దిగింది. అయితే పౌండ్ దిగిపోతున్నప్పుడు దాని చోటు తీసుకోవడానికి డాలర్ సిద్ధంగా ఉంది. ఇప్పుడు అలాంటి వారసుడు కనిపించడం లేదు. యువాన్ ఆ స్థానానికి రావాలంటే డబ్బు దేశం దాటకుండా పెట్టిన కట్టడిని చైనా ఎత్తేయాలి. బీజింగ్ అందుకు ఇంతవరకు ఒప్పుకోలేదు.