రేడియో గుర్రు నుంచి రొయ్యల చెరువు మీటర్ దాకా: గోదావరి డెల్టాలో కరెంటు గోల కథ

మొగల్తూరు దాటి కాలువ గట్టు మీదుగా పోతే మా బావ చెరువులు వస్తాయి. రొయ్యల రైతుకి తెల్లవారుజాము మూడు గంటలంటే గుండె దడ. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని వాడుకుంటుంది కాబట్టి ఆ వేళకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి దిగిందంటే టెన్షన్ మొదలు. అందుకే బావ నిరుడు చెరువులో డీఓ సెన్సర్ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచేది) పెట్టించి, కరెంటు ఖర్చు తగ్గుతుందని నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లకి వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటార్ వేగాన్ని తగ్గించి పెంచే పరికరం) కూడా బిగించాడు. ఆ రాత్రి నేనూ గట్టు మీదే ఉన్నాను. మీటర్ 3.8 చూపిస్తోంది. ఏరేటర్ ఆన్ చేయగానే 9 అంది, మరుక్షణం 2, మళ్లీ 7. నీళ్లలో ఆక్సిజన్ అలా క్షణంలో ఎక్కి దిగదు. సెన్సర్ పాడైందనుకుని కొత్తది తెప్పించాడు. అదీ అంతే చేసింది.

తప్పు సెన్సర్‌ది కాదు. డ్రైవ్ నుంచి పుట్టిన విద్యుదయస్కాంత అలజడి సెన్సర్ వైరులోకి దూరుతోంది. డెల్టాకి ఇది కొత్త సంగతేమీ కాదు. ఇప్పుడు చెరువు మీటర్‌కి పట్టిన రోగమే ఒకప్పుడు రేడియోకి పట్టింది, తర్వాత టీవీకి పట్టింది.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద దాని వార్తలు, పొలం కబుర్లు డెల్టా అంతా వినేవాళ్లం. శీతాకాలం పొద్దున్నే మంచు పడుతుంటే రేడియోలో చిటచిటమని ఒకటే గోల. కారణం కరెంటు స్తంభాల మీదే కనిపించేది. సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలికి స్తంభాల మీది పింగాణీలకు సన్నటి ఉప్పు పొర పడుతుంది. పొడిగా ఉన్నంతసేపు దానితో ఇబ్బంది లేదు. మంచు తగిలి తడిస్తే ఆ పొర మీదుగా కొద్దిగా కరెంటు పారుతుంది, పారిన చోట వేడికి ఆరిపోతుంది, ఆరిన చోట చిన్న నిప్పురవ్వ దూకుతుంది. చీకట్లో తలెత్తి చూస్తే పింగాణీ అంచున నీలంగా మెరిసేది. ఆ రవ్వ ఒక్కొక్కటీ ఒక చిన్న రేడియో ట్రాన్స్‌మిటరే. గట్టి వాన పడి ఉప్పు కడుక్కుపోయాక కొన్నాళ్లు గోల తగ్గేది.

గోల అంటే పాటకి అడ్డం ఒక్కటే కాదు. అంతర్వేది, నరసాపురం వైపు వేటకెళ్లే వాళ్లకి వాయుగుండం కబురు తెచ్చేది రేడియోనే. 1996 నవంబర్ 6 సాయంత్రం కోనసీమ మీద తుఫాను విరుచుకుపడ్డప్పుడు నేను చిన్నవాణ్ని. స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. రోజుల తరబడి రాలేదు. బ్యాటరీ రేడియో తిప్పితే స్టేషన్ ఎప్పుడూ లేనంత స్పష్టంగా పలికింది. అంతవరకూ మేం విన్న గుర్రు రేడియోది కాదని, మా ఊరి లైన్లదని ఆ రాత్రి అర్థమైంది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయిన తుఫాను అది. ఆ రాత్రి విన్న వార్తలు ఇప్పటికీ చెవిలోనే ఉన్నాయి.

టీవీ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పక్కింట్లో మిక్సీ వేస్తే దూరదర్శన్ బొమ్మ మీద తెల్ల చుక్కలు వరసలు కట్టేవి. మిక్సీ మోటార్‌లో కార్బన్ బ్రష్షులు తిరిగే చోట రవ్వలు పుడతాయి. మోటార్‌కి అడ్డంగా చిన్న కెపాసిటర్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. బొమ్మ చెడినా మాట బాగానే వినపడేది, ఎందుకంటే అప్పటి టీవీలో మాట ఎఫ్ఎం పద్ధతిలో, బొమ్మ ఏఎం పద్ధతిలో వచ్చేవి, రవ్వల గోల ఏఎంని చెడగొట్టినంతగా ఎఫ్ఎంని చెడగొట్టదు.

ఈ గొడవ రేడియో కంటే పాతది. 19వ శతాబ్దం చివర్లో నగరాల్లో కరెంటు ట్రాములు నడవగానే టెలిఫోన్లలో హోరు మొదలైంది. అప్పటి టెలిఫోన్‌కి ఒకే తీగ, తిరుగు దారి నేలే. ట్రాముకీ తిరుగు దారి పట్టాలూ నేలే. రెండో తీగ వేసి, రెండింటినీ మెలిపెడితే హోరు తగ్గింది. అలా మెలిపెట్టిన జంట తీగకు గ్రాహంబెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ సెన్సర్ కేబుల్ కోసినా లోపల మెలిపెట్టిన తీగలే కనిపిస్తాయి.

అలజడిని అడ్డుకునే లోహపు కవచం సంగతి అంతకంటే ముందే తేలింది. 1836లో మైకేల్ ఫారడే లండన్‌లో 12 అడుగుల పెద్ద పెట్టెలాంటి గది కట్టి, చుట్టూ లోహం కప్పి, బయట నుంచి గట్టిగా విద్యుత్తు ఎక్కించాడు. పరికరాలు పట్టుకుని తనే లోపల కూర్చున్నాడు. లోపల విద్యుత్తు జాడే లేదు. మన జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తా టౌన్ హాల్లో తీగల్లేకుండా తరంగాలతో గంట మోగించి చూపించాడు. ఆయన కూడా రవ్వ పుట్టించే యంత్రాన్ని లోహపు పెట్టెలో మూసి ఉంచేవాడు, లేకపోతే దాని అలజడి పక్కనే ఉన్న రిసీవర్‌ని కలవరపెట్టేది. నిప్పురవ్వతోనే కబురు పంపే రోజులవి, అలజడికీ కబురుకీ తేడా చెప్పడం కష్టమయ్యేది. ప్రతి దేశం తనకు తోచిన హద్దు పెట్టుకుంటే లాభం లేదని 1933లో పారిస్‌లో సమావేశమై సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ కమిటీని ఏర్పాటు చేశారు. ఏ పరికరం ఎంత గోల చేయొచ్చో కొలిచే పద్ధతులు అక్కడి నుంచే వచ్చాయి. అమెరికా 1979లో కంప్యూటర్లకు నిబంధనలు పెట్టింది. యూరప్‌లో 1996 జనవరి 1 నుంచి ఈ పరీక్ష నెగ్గకుండా సరుకు అమ్మకూడదన్నారు. మనకీ ఐఎస్ 6873 ప్రమాణం ఉంది. అయితే ఈ పరీక్షలన్నీ పరికరాన్ని ల్యాబ్‌లో చూస్తాయి. దాన్ని తెచ్చి గట్టు మీద రేకుల షెడ్డులో ఎలా బిగించారో అవి చూడవు. అసలు చిక్కు అక్కడే ఉందని నా నమ్మకం.

వన్నామి రకం రొయ్య పెంపకానికి 2009లో అనుమతి వచ్చాక భీమవరం చుట్టుపక్కల చెరువులు, ఏరేటర్లు, మోటార్లు విపరీతంగా పెరిగాయి. ఆ వెనకే డ్రైవ్‌లు వచ్చాయి. డ్రైవ్ మనకొచ్చే 50 హెర్ట్జ్ కరెంటుని డీసీగా మార్చి, దాన్ని సెకనుకి వేల సార్లు కత్తిరించి మోటార్‌కి పంపుతుంది. ఒక్కో కోత మైక్రోసెకను కూడా పట్టదు. ఆ పదును వల్లే అలజడి మెగాహెర్ట్జ్ దాకా పాకుతుంది. మోటార్ కేబుల్ యాంటెన్నాలా పనిచేస్తుంది. డీఓ సెన్సర్ పంపేదేమో మిల్లీవోల్టులు. రెండు కేబుళ్లనీ ఒకే పీవీసీ గొట్టంలో దూరిస్తే ఇంకేం మిగులుతుంది?

బావ చెరువులో జరిగింది అదే. ప్యానెల్ బోర్డు తలుపు తీసి చూశాం. సెన్సర్‌కి షీల్డ్ కేబులే (తీగల చుట్టూ లోహపు జాలీ ఉన్నది) వేశారు, మంచిదే. కానీ లోపలి జాలీని తోకలా మెలిపెట్టి, జానెడు పొడవు వదిలి, ఒక పక్క స్క్రూ కింద బిగించారు. ఆ స్క్రూ పచ్చగా చిలుము పట్టి ఉంది. స్క్రూ కిందేమో పెయింట్. అంటే జాలీకీ పెట్టెకీ అసలు కలయికే లేదు. మోటార్ కేబుల్‌కైతే జాలీయే లేదు.

ఈ తోక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒక మీటరు పొడవున్న తీగ 50 హెర్ట్జ్‌కి దాదాపు అడ్డే కాదు. అదే తీగ 10 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 60 ఓముల అడ్డం పెడుతుంది. కాబట్టి మల్టీమీటర్ పెట్టి చూసి ఎర్త్ బాగానే ఉందనుకునే తీగ కూడా ఈ గోలకి దారి ఇవ్వదు. జాలీని తోక చేయకుండా, చుట్టూ క్లాంపు వేసి, పెయింట్ గీకిన లోహానికి నేరుగా బిగించాలి. మోటార్ కేబుల్‌కైతే డ్రైవ్ వైపూ మోటార్ వైపూ రెండు చోట్లా అలాగే చేయాలి. సెన్సర్ కేబుల్ వేరే గొట్టంలో, కనీసం అడుగు ఎడంగా పోవాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి.

లోహం మందం గురించీ అపోహ ఉంది. మెగాహెర్ట్జ్ అలజడిని ఆపడానికి పల్చటి అల్యూమినియం రేకు చాలు, ఎందుకంటే ఆ వేగంలో కరెంటు లోహం పైపొరలోనే పారుతుంది. రాగిలో ఆ లోతు 1 మెగాహెర్ట్జ్ దగ్గర 0.066 మిల్లీమీటర్లు, 50 హెర్ట్జ్ దగ్గర 9 మిల్లీమీటర్లకు పైనే. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వచ్చే 50 హెర్ట్జ్ హమ్‌ని రేకు ఆపలేదు. దానికి దూరం జరగడం, తీగ మెలిపెట్టడం తేలికైన దారులు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరు. డ్రైవ్‌లో గోల తగ్గించే ఫిల్టర్ల నుంచి కొద్దిగా కరెంటు ఎర్త్‌లోకి పారడం వల్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) ఊరికే పడిపోతుంటుంది. అప్పుడు దాన్ని పీకేస్తారు. "ఎర్త్ తీసేస్తే మీటర్ నిలబడుతోందండి" అని మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు కూడా అన్నాడు. నిజమే, ఎర్త్ తీగల మీదుగా ఏర్పడిన చుట్టుదారి తెగితే కొన్ని చోట్ల మీటర్ నిలబడుతుంది. కానీ మోకాలి లోతు ఉప్పునీళ్లలో దిగి ఏరేటర్ తాడు లాగే మనిషి ప్రాణం ఆ ఒక్క తీగ మీద ఉంది. ఈఎల్‌సీబీ పడిపోతుంటే డ్రైవ్‌కి తగ్గ రకం తెచ్చి వేయాలి, ఫిల్టర్ మార్చాలి. ఎర్త్ తీయకూడదు, ఈఎల్‌సీబీ తీయకూడదు.

మన నేలలో ఎర్త్ దొరకడం తేలికే. తవ్వితే నీళ్లు, నీళ్లలో ఉప్పు. ఆ ఉప్పే పాతిన జీఐ పైపుని కొన్నేళ్లలో తినేస్తుంది. పైన పెట్టెలో క్లాంపునీ వదలదు.

బావ రెండు కేబుళ్లనీ విడదీయించాడు, మోటార్‌కి జాలీ ఉన్న కేబుల్ వేయించాడు, పెయింట్ గీకించి క్లాంపులు బిగించాడు. మరుసటి రాత్రి మూడింటికి ఏరేటర్ వేశాం. మీటర్ 3.9 దగ్గర కదలకుండా నిలబడి, ఇరవై నిమిషాలకి మెల్లగా 4.3కి ఎక్కింది. ఇప్పుడు ప్రతి వానాకాలం ముందు ఆ క్లాంపులు విప్పి, చిలుము తుడిచి, గ్రీజు పూసి మళ్లీ బిగిస్తున్నాడు.